నజీర్ తాతగారి కారు ఏ కంపెనీది?

ఇంట్లో పాత ఫోటో దొరికితే ఇంట్లోవాళ్ళని అడగడం శుద్ధ దండగ!

ఇంట్లోవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పండి? మహా అయితే ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు తెలుస్తాయి. పేర్లతో ఏం చేసుకుంటాం? అదే ఫోటోని ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టి చూడండి. ముక్కూ మొహం తెలియని ముప్ఫైవేల మంది, తింటున్న కంచం పక్కకి నెట్టి మరీ మీ కోసం పరిగెత్తుకొస్తారు. మీ తాతగారి జోలికి పోరు గాని, ఆయన ఆనుకున్న స్తంభం ఏ బ్రాండు సిమెంటుతో కట్టారో చెబుతారు. ఇంతటి సేవ పూర్వం మహారాజులకైనా దొరికిందా?

ఇంకా అనుమానమా? అయితే విశాఖపట్నం వన్‌టౌన్‌లో సీటు కవర్లు కుట్టే నజీర్‌కి మొన్న వేసవిలో ఏం జరిగిందో వినండి.

నజీర్‌కి యాభై ఆరేళ్ళు. పాత పోస్టాఫీసు దగ్గర దుకాణం. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కార్ల సీట్లకి కవర్లు కుడుతున్నాడు. అతను మాత్రం తిరిగేది స్కూటరు మీద. అయినా దిగులు లేదు. ఎందుకంటే అతని తండ్రి బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట చెప్పేవాడు: "ఇప్పుడిలాగున్నాం గాని, మా నాన్నకి కారుండేదిరా!"

ఆ మాట నజీర్ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. అందరికన్నా గట్టిగా నమ్మనివాడు పోలిరాజు. పోలిరాజుది యారాడ, సొంత పడవ ఉంది. ఫిషింగ్ హార్బర్లో చేపలు దించేసి ఇంటికెళ్తూ నజీర్ దుకాణంలో టీ తాగకపోతే అతనికి పొద్దు గడవదు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకరినొకరు 'బావా' అనుకుంటారు.

"మీ తాత పోర్టులో కలాసీ కదేటి బావా! కలాసీకి కారేటి? ఉంటే గింటే ఓడుండాల గాని!" అని పోలిరాజు నవ్వేవాడు.

నజీర్ కూడా నవ్వేవాడు. కాని ఆ రోజు కుట్టిన కుట్లు మాత్రం కాస్త వంకరగా పడేవి.

అలాంటివాడికి ఏప్రిల్లో, గోడలకి రంగులేయించడానికని అటక మీది ఇనపపెట్టె దింపితే, అడుగున గుడ్డలో చుట్టి ఫోటో దొరికింది!

అరచేయంత ఫోటో, నలుపూ తెలుపూ. పక్కనుంచి కనబడుతున్న కారు. స్టీరింగు దగ్గర దాదా, అంటే నజీర్ తాత, నెత్తిన టోపీతో, కుడిచెయ్యి డోరు మీంచి బయటికి వేలాడేసి దర్జాగా కూర్చున్నాడు. ఆయన మూతి దగ్గర మాత్రం బొమ్మ కొంచెం చెరిగింది. వెనక కిటికీలోంచి ఏడెనిమిదేళ్ళ పాప పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. వాళ్ళ వెనకాల కొండ, సముద్రం, ఒంటి కొబ్బరిచెట్టు.

నజీర్ ముందు కారుని చూశాడు. తరవాత దాదాని చూశాడు. పాప దాకా వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగి సరిగ్గా కనబడలేదు.

ముందు గదిలో కిటికీ దగ్గర వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఖైరున్నీసా తలెత్తింది. ఆవిడ నజీర్‌కి మేనత్త, చనిపోయిన తండ్రికి అక్క. ఎనభై రెండేళ్ళు. భర్త పోయినప్పటినుంచీ మేనల్లుడి దగ్గరే ఉంటోంది.

"ఏటిరా అది? ఓపాలి నాకూ సూపించు," అంది.

"ఉండు ఫుప్పూ! ముందు ఇది ఏ కారో కనుక్కోనీ!" అని నజీర్ కూతుర్ని కేకేశాడు.

కూతురు ఆస్రా మందుల షాపులో పనిచేస్తోంది. డాక్టర్ల రాతే చదవగలిగిన పిల్లకి ఫేస్‌బుక్ ఒక లెక్కా? ఫోనుతో ఫోటోకి ఫోటో తీసి, పాతకార్ల అభిమానుల గ్రూపు ఒకటి వెతికి, అందులో పెట్టింది. "ఇది మా ముత్తాత గారి కారు. ఏ కంపెనీదో చెప్పగలరా?"

చెప్పగలరా అని అడుగుతారా ఎవరైనా! చెప్పకుండా ఉండగలరా అని అడగాలి.

అరగంటలో నలభై కామెంట్లు. సాయంత్రానికి నాలుగువందలు. కాకినాడ నించి ఒకాయన బానెట్టు చూసి మోరిస్ అన్నాడు. బెజవాడ నించి ఇంకొకాయన మడ్‌గార్డు చూసి ఆస్టిన్ అన్నాడు. మొదటాయన రెండో ఆయన చదువుని శంకించాడు. రెండో ఆయన మొదటాయన పుట్టుకని శంకించాడు. రాత్రి భోజనాల వేళకి తెలుగుదేశం మొత్తం మోరిస్ వర్గం, ఆస్టిన్ వర్గం కింద చీలిపోయింది.

మర్నాడు పెద్ద నిపుణులు దిగారు. ఒకాయన కొబ్బరిచెట్టు నీడని స్కేలుతో కొలిచి, ఫోటో తీసింది జనవరి పదకొండో తారీఖు సాయంత్రం నాలుగూ పదిహేడుకి అని తేల్చాడు. ఓడల మీద పనిచేసి వచ్చిన ఇంకొకాయన, ఆ సమయానికి సముద్రం పోటు మీద ఉందని సంతకం పెట్టినంత గట్టిగా చెప్పాడు. మూడో ఆయనది ఒకే ఒక కోరిక: "ఆ చెయ్యి ఎవరిదండీ? డోరు హ్యాండిల్‌కి అడ్డంగా ఉంది. కొంచెం పక్కకి తీయమనగలరా?"

తీయమనడానికి దాదా పోయి నలభై ఏడేళ్ళయింది. అయినా ఆస్రా మర్యాదగల పిల్ల కాబట్టి "ప్రయత్నిస్తాం సర్" అని రాసింది.

అన్నిటికన్నా గొప్పది ఇంజను పరిశోధన. "ముందు కూర్చున్నాయన మూతి ఎందుకు చెరిగిందో ఎవరైనా గమనించారా? ఇంజను ఆన్‌లో ఉంది! ఆ వైబ్రేషన్‌కి మొహం అదిరింది. కచ్చితంగా నాలుగు సిలిండర్లు!" అని ఒక మేధావి ప్రకటించాడు.

"మరి వెనకున్న పాప మొహం ఎందుకు అదరలేదు?" అని ఎవరో అడిగారు.

"వెనక సస్పెన్షన్ బాగుంటుంది!"

పాప గురించి మొత్తం గ్రూపులో వచ్చిన ప్రస్తావన అదొక్కటే.

"ఏటంటన్నారు? నాకోపాలి ఇయ్యి, సూత్తాను," అని ఖైరున్నీసా రెండోసారి అడిగింది. అప్పుడు నజీర్ సస్పెన్షన్ గురించి చదువుతున్నాడు. వినబడలేదు.

మూడోరోజు ఒక కంప్యూటర్ కుర్రాడు ఎక్కడినించో ఊడిపడి, ఏఐ పెట్టి ఫోటోకి రంగులేశాడు. కారు ధగధగా ఎర్రగా మెరిసింది. ఇంకా బాగా కనబడాలని మనుషులిద్దర్నీ తుడిచేశాడు! దాదా ఉన్నచోట ఖాళీ సీటు. పాప నవ్విన కిటికీలో ఆకాశం. తుడిచిన చోట ఏం పెట్టాలో తెలియక ఏఐ అయిదో చక్రం కూడా ఒకటి తగిలించింది. పదకొండువేల లైకులు! "ఇప్పుడు కదా బండి అందం తెలుస్తోంది!" అని అందరూ మెచ్చుకున్నారు.

నజీర్‌కి అది చూసి ఎక్కడో కలుక్కుమంది. ఖాళీ సీటు మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూశాడు. కాని పదకొండువేల లైకుల ముందు ఒక మనిషి కలుక్కుమనడం ఎంత? ఫోను జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు.

వెళ్ళేసరికి ఫోను మోగింది. ఆనందపురం నించి ఫిరోజ్! ఫిరోజ్ నజీర్‌కి బాబాయి కొడుకు. ఒక పెళ్ళిలో తనకి బిర్యానీ ఆఖరి పంక్తిలో వడ్డించారని అలిగి, పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇంటర్నెట్టే లేకపోతే ఈ అన్నదమ్ములు మళ్ళీ ఈ జన్మలో మాట్లాడుకునేవారా?

"భాయీజాన్, దాదా కారంట కదా, ఊరంతా సూత్తన్నారు. అందులో మాకూ వాటా ఉంటాది కదేటి?" అన్నాడు ఫిరోజ్.

"కారేదిరా ఇప్పుడు? ఫోటోయే ఉంది!"

"కారు లేకపోతే ఏటి? వాటా వాటాయే."

పదకొండు రోజులు, పొద్దున్నొకసారి సాయంత్రమొకసారి, ఇద్దరూ లేని కారుని పంచుకున్నారు. ముందు సగం నజీర్‌కి, వెనక సగం ఫిరోజ్‌కి అని ఒప్పందానికి వచ్చారు. డాష్‌బోర్డులోని గడియారం దగ్గర మళ్ళీ చెడింది. ఫోటోలో డాష్‌బోర్డే కనబడదు. అయినా ఏ కారుకైనా గడియారం ఉండకపోదని ఫిరోజ్ వాదన.

ఈలోగా గ్రూపు అడ్మిన్ ఉమామహేష్ గారు కబురంపారు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై, ఇప్పుడు పాతకార్లకే జీవితం అంకితం చేశారు. బీచ్‌రోడ్డులో పాతకార్ల ఊరేగింపు పెడుతున్నారట. కారు లేకపోయినా కారు వారసుడిగా నజీర్ ముఖ్య అతిథి! ముందు వరసలో కుర్చీ, మెళ్ళో కండువా, నాలుగు మాటల ప్రసంగం. అయితే ముందు అసలు ఫోటో కళ్ళారా చూసి, మోరిస్సో ఆస్టినో తేల్చి, సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆదివారం పదకొండింటికి ఇంటికొస్తానన్నారు.

నజీర్ కొత్త చొక్కా కొనుక్కున్నాడు. పోలిరాజుని ప్రత్యేకంగా పిలిచాడు. ముప్ఫై ఏళ్ళ నవ్వుకి జవాబు చెప్పే రోజు వస్తే ఎవరు మాత్రం పిలవరు? ఫిరోజ్‌ని పిలవలేదు. తన సగానికి అన్యాయం జరగకుండా చూసుకోవడానికి అతనే వచ్చాడు.

ఆదివారం ఉమామహేష్ గారు భూతద్దం, టేపు, రెండు ఇంగ్లీషు పుస్తకాలతో వచ్చారు. ఫోటోని బల్ల మీద పెట్టి గంటసేపు చూశారు. నజీర్ భార్య షబ్నం రెండుసార్లు టీ ఇచ్చింది. ఎవరూ తాగలేదు. చివరికి ఆయన అద్దం దించి, గొంతు సవరించుకున్నారు.

"నజీర్ గారూ! ముందు భాగం మోరిస్. వెనక భాగం ఆస్టిన్. రెండు వర్గాలూ కరెక్టే. నా నలభై ఏళ్ళ అనుభవంలో ఇలాంటి బండి చూడలేదు. ప్రపంచంలో ఇదొక్కటే ఉండి ఉంటుంది!"

నజీర్ పోలిరాజు వంక చూశాడు. ఆ చూపులో ముప్ఫై ఏళ్ళూ ఉన్నాయి. పోలిరాజు గడ్డం గోక్కున్నాడు. ఫిరోజ్ మెల్లిగా "అంటే ఎనక సగం ఆస్టినన్నమాట!" అనుకున్నాడు.

"నాకు సూపించరేటి ఆ ఫోటో?" ఖైరున్నీసా కిటికీ దగ్గరనించి అంది. ఇది ఎన్నోసారో ఆవిడకే లెక్క లేదు.

"అమ్మా, ఇది టెక్నికల్ విషయం," అన్నారు ఉమామహేష్ గారు నవ్వుతూ.

"టెక్నికలయితే మీకు. నాకు మా అబ్బా, కన్నతండ్రి!"

ఆస్రా సిగ్గుపడింది. బల్ల మీంచి ఫోటో తీసి ముసలావిడ చేతిలో పెట్టింది. ఖైరున్నీసా దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది. ఆవిడ వేలు బానెట్టు మీదికి వెళ్ళలేదు, మడ్‌గార్డు మీదికి వెళ్ళలేదు. తిన్నగా వెనక కిటికీ మీదికి వెళ్ళి ఆగింది.

"హలీమా," అంది.

ఉమామహేష్ గారు చటుక్కున పెన్ను తీశారు. "హలీమా? ఆ మోడల్ నేనెప్పుడూ వినలేదే! ఏ దేశం అమ్మా?"

"మోడలేటి నాయనా! మా అక్క."

నజీర్ తండ్రికి ఒకే ఒక్క అక్క. ఇంటిల్లిపాదికీ తెలిసింది అదే.

"మీ నాన్న పుట్టకముందే పోయింది అది," అంది ఖైరున్నీసా నజీర్‌తో. "దానికి ఎనిమిదేళ్ళు, నాకు ఆరు. రెండు నెల్లబట్టీ జొరం. లెగలేదు, తినలేదు. పోర్టు గేటు కాడ దొరల కార్లు సూసి, ఓపాలి కారెక్కుతాననీది. కలాసీ కూతురికి కారెవుడు ఎక్కిత్తాడు? అబ్బా దాన్ని భుజమ్మీద ఏసుకుని మెయిన్ రోడ్డులో సన్యాసిరాజు స్టూడియోకి తీసికెల్లినాడు. నాను ఎనకాల నడిసినాను."

"స్టూడియోకా?" అన్నారు ఉమామహేష్ గారు.

"మరి కారు ఉన్నది ఆడే కదా! సెక్క కారు. ఇటేపే ఉంటాది, అటేపు ఏటీ లేదు. అబ్బా కిరసనాయిలు డబ్బా మీద కూకున్నాడు. అది ఓపిక తెచ్చుకుని పీట మీద నించుంది. ఈ కొండా, సెట్టూ గుడ్డ మీద బొమ్మలు. కారు ముందు సగం ఒక కేలెండరు బొమ్మ సూసి, ఎనక సగం ఇంకో కేలెండరు సూసి రాజే ఏసుకున్నాడంట, గొప్పగా సెప్పుకునీవోడు."

మోరిస్ వర్గమూ ఆస్టిన్ వర్గమూ ఆ గదిలో ఒకేసారి కూలిపోయాయి. ఉమామహేష్ గారు ఆఖరి ఆశతో మూతి దగ్గరి చెరుపు మీద వేలు పెట్టారు. "మరి ఈ ఇంజను వైబ్రేషను?"

ఖైరున్నీసా ఫోటోని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది. మొదట ఆవిడ భుజాలు కదిలాయి. తరవాత నవ్వు బయటికొచ్చింది.

"కారు కదల్దేటని అది ఏడుపు మొకం ఎట్టింది. అబ్బా నోటితో బుర్ర్ర్ మని ఇంజను స్టార్ట్ సేసినాడు. మూతి ఆడించొద్దు సాయిబూ, బొమ్మ సెరిగిపోతాదని రాజు తిడతానే ఉన్నాడు. ఈయన ఆపితేనా! అది నవ్వీదాకా ఆపనేదు."

"నువ్వెక్కడున్నావు ఫోటోలో, దాదీ?" అంది ఆస్రా.

"సెక్కకి రెండే కిటికీలు కోసినారమ్మా. మూడోది నేదు. నాను రాజు పక్కన నించున్నాను." ఫోటో ఒళ్ళో పెట్టుకుని, "ఆ వానాకాలం దాటనేదు అది. అబ్బా ఈ ఫోటో ఎవురికీ సూపించలేదు. పెద్దయ్యాక మీ నాన్న ఎప్పుడో పెట్టెలో సూసి, కిటికీలోది నానే అనుకుని, మనకి కారుండీదని గెంతులేసినాడు. ఆడి సంబరం ఎందుకు పాడుసెయ్యాలని నాను ఊరుకున్నాను," అంది.

వెనక సగం నాదని పదకొండు రోజులు వాదించిన ఫిరోజ్, ఆ వెనక సగంలో ఎవరున్నారో అప్పుడే మొదటిసారి చూశాడు. వంగి చూశాడు. మళ్ళీ వాటా ఊసెత్తలేదు.

నజీర్ తల దించుకుని కొత్త చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చెప్పింది అబద్ధమని తేలిపోయింది. ఇక పోలిరాజు నవ్వాలి. నవ్వడానికే కదా వచ్చాడు!

పోలిరాజు లేచి నజీర్ భుజం మీద చెయ్యేశాడు.

"మీ తాతకి కారుండీది బావా," అన్నాడు. "నానే తప్పన్నాను."

ఉమామహేష్ గారు టేపు చుట్టేసి, పుస్తకాలు సంచీలో పెట్టుకున్నారు. మంచి మనిషి. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, తటపటాయించి అడిగారు: "ఆ చెక్క ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలిసే అవకాశం ఉందా? వింటేజ్ చెక్క కదా!"

ఆ మధ్యాహ్నమే ఆస్రా గ్రూపులో నిజం రాసింది. అది కారు కాదనీ, స్టూడియోలో బొమ్మ చెక్క అనీ, అందులో నవ్వుతున్న పాప పేరు హలీమా అనీ, ఆమె ఎందుకు నవ్విందో కూడా, ఏమీ దాచకుండా రాసింది. నజీర్ పక్కన కూర్చుని ఎదురుచూశాడు. ఇప్పుడైనా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని.

మొదటి కామెంటు రెండు నిమిషాల్లో వచ్చింది: "ఏ చెక్క? టేకా, మామిడా?"

సాయంత్రానికి ఆరువందలు! కాకినాడాయన టేకు అన్నాడు. బెజవాడాయన మామిడి అన్నాడు. నీడ కొలిచినాయన మాత్రం తగ్గలేదు: పెయింటర్ ఆ కొబ్బరిచెట్టుని వేసింది కూడా నాలుగూ పదిహేనుకి, నాలుగూ ఇరవైకి మధ్యనే అన్నాడు.

అప్పుడు ఖైరున్నీసా, వెల్లుల్లి చేట పక్కన పెట్టి, మేనల్లుడిని పిలిచింది.

"మా హలీమా గురించి రాసినారంట కదా? ఎవులైనా ఏటైనా అడిగినారేటి దాన్నిగురించి?"

నజీర్ ఆవిడ మొహం చూశాడు. ఫోను చూశాడు.

"అడిగారు ఫుప్పూ," అన్నాడు. "అందరూ అడుగుతున్నారు."

"నిజమే?" ముసలావిడ సర్దుకుని కూర్చుంది. "ఏటడుగుతన్నారు?"

చూశారా పాఠకులారా, నిపుణుల వల్ల ఎంత ఉపకారమో! ఆ ముప్ఫైవేల మందిలో ఒక్కడంటే ఒక్కడు ఆ పాప గురించి అడిగుంటే, నజీర్‌కి ఈ అబద్ధమాడే అవసరం వచ్చేదా? వాళ్ళేమీ అడగలేదు కాబట్టే కదా, వాళ్ళ బదులు అతనే అడగాల్సి వచ్చింది! ఇంట్లో ఇన్నేళ్ళూ తట్టని ప్రశ్నలు వరసగా తట్టాయి.

"గౌను ఏ రంగని అడుగుతున్నారు," అన్నాడు నజీర్, ఫోన్లో చదువుతున్నట్టుగా.

"పచ్చది! మా అమ్మీ సీర సింపి కుట్టింది. మిగిలిన ముక్కతో నాకు రిబ్బను."

"ఏం తినేదని అడుగుతున్నారు."

"జీళ్ళు. జొరంలో కూడా తలగడ కింద దాసుకునీది. నాకు సగం ఇచ్చీది. కోపమొస్తే నేదు. ఇంకా?"

"కోపమొస్తే ఏం చేసేదంటున్నారు."

"జడట్టుకుని లాగీది! తరవాత తనే ఏడిసీది." ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఎవుల్రా అది, అంత ఇదిగా అడగతన్నారు? ఎంత మంచోల్లో! పేరేటో సూడు."

నజీర్ ఫోను వంక చూశాడు. చార్జింగు అయిపోయి అది ఎప్పుడో ఆగిపోయింది. నల్లటి అద్దంలో అతని మొహమే కనబడుతోంది.

"నజీరంట ఫుప్పూ," అన్నాడు.

"ఓస్, మనోడేనన్నమాట!" అంది ఖైరున్నీసా. "అయితే దగ్గరికొచ్చి కూకోమను. సేనా ఉంది సెప్పడానికి."